పెద్ద పిల్లలతో ఫ్యామిలీ క్రూయిజ్: నచ్చుతుందో లేదో డబ్బు కట్టకముందే తేల్చుకోవడం ఎలా

"పిల్లలకు నచ్చే క్రూయిజ్ ఏదైనా చెప్పండి" అని ట్రావెల్ ఏజెంటును అడిగితే ముందుగా బల్ల మీద పెట్టేది కార్టూన్ బొమ్మల ఓడ బ్రోషరే. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలున్న ఇంటికి అది మంచి సలహా. ఎనిమిదో తరగతి అమ్మాయో, పదో తరగతి అబ్బాయో ఉన్న ఇంట్లో ఆ బ్రోషరు తెరవగానే "మీరెళ్ళి రండి, నేను అమ్మమ్మ దగ్గర ఉంటా" అనే మాట వినబడుతుంది. అలా అన్న పిల్లలే ఓడ దిగేటప్పుడు ఇంకో రోజు ఉంటే బాగుండేదనడమూ ఉంటుంది. వాళ్ళకు నచ్చే సంగతులు బ్రోషరు అట్ట మీద వెయ్యరు, అదీ చిక్కు.

రాత్రి పదింటికి అమ్మానాన్న తోడు లేకుండా వెళ్ళి ఐస్‌క్రీం తెచ్చుకోవడం, తన ఈడువాళ్ళతో కూర్చుని గేములాడటం, ఎవరూ "ఎక్కడికి?" అని అడగకుండా పై డెక్ మీదికి వెళ్ళి రావడం. టీనేజి పిల్లలకు ఓడలో దొరికే అసలు సరదా ఇదే. ట్యూషన్‌కు కూడా ఎవరో ఒకరు బండి మీద దింపి, మళ్ళీ తీసుకొచ్చే మన పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. ఓడలో రోడ్డు దాటే పని లేదు, దారి తప్పినా అదే ఓడలో ఉంటారు. అందుకని ఓడ మీద ఏ బొమ్మ వేసుందో పక్కనపెట్టి, మీ పెద్ద పిల్లల వయసుకు అక్కడ ఏ గది ఉంది, ఏ ఆటలున్నాయి, ఎంతవరకు సొంతంగా తిరగనిస్తారు అన్నవి చూడండి.

వయసును బట్టి స్థూలంగా ఇలా అనుకోవచ్చు. పదేళ్ళలోపు పిల్లలకు బొమ్మల ఓడ దాదాపు తప్పకుండా నచ్చుతుంది. పదకొండు నుంచి పదమూడు మధ్య పిల్లలతోనే తకరారు: ఓడలో చిన్నపిల్లలను ఆడించే క్లబ్బుకు పంపితే అవమానం, పెద్దవాళ్ళ గుంపులోకి వెళ్ళాలంటే బెరుకు. పద్నాలుగు దాటినవాళ్ళకు మిక్కీ ఉన్నా లేకపోయినా ఒకటే. వాళ్ళు చూసేది ఓడ ఎంత పెద్దది, తోడు ఎవరున్నారు, ఫోన్ పనిచేస్తుందా అని. సూపర్‌హీరోలంటే పడిచచ్చే పిల్లాడు పదహారేళ్ళవాడైనా బొమ్మల ఓడను ఇష్టపడతాడు. అది వయసుతో తేలేది కాదు.

పుట్టినరోజు లెక్క

పిల్లల క్లబ్బుల్లో చేర్చుకునేది ఓడ ఎక్కే రోజుకు నిండిన వయసును బట్టి. తరగతితో, ఎత్తుతో, తెలివితేటలతో పని లేదు. డిస్నీ ఓడల్లో చిన్నవాళ్ళ క్లబ్బు 3 నుంచి 10 ఏళ్ళకు, ఎడ్జ్ అనేది 11 నుంచి 14కు, వైబ్ అనేది 14 నుంచి 17కు. పద్నాలుగేళ్ళవాళ్ళు రెండింట్లో ఏదైనా ఎంచుకోవచ్చు. రాయల్ కరీబియన్ అనే ఓడ కంపెనీలో అడ్వెంచర్ ఓషన్ అనే చిన్నవాళ్ళ క్లబ్బు 3 నుంచి 11 దాకా, ఆ పైన 12 నుంచి 17 దాకా టీనేజి విభాగం. మీ అమ్మాయికి ఓడ ఎక్కిన వారానికి పన్నెండు నిండుతాయనుకోండి, రాయల్‌లో ఆ ట్రిప్పంతా తొమ్మిదేళ్ళ పిల్లలతోనే కూర్చోవాలి. అక్కడి సిబ్బందిని బతిమాలినా మార్చరు. అలాంటప్పుడు వీలైతే ట్రిప్పును పుట్టినరోజు తర్వాతకు జరపండి, లేదా హద్దు వేరే చోట ఉన్న ఓడను చూడండి.

వాళ్ళు చూసేది పాస్‌పోర్టులోని తేదీని. బడిలో చేర్చేటప్పుడు ముందుకో వెనక్కో వేయించిన తేదీ పాస్‌పోర్టుకెక్కి ఉంటే అదే ఖాయం.

అన్నదమ్ముల పిల్లలు కలిసి వెళ్తుంటే అందరి తేదీలూ ఒక కాగితం మీద రాసుకుని ఈ హద్దులతో పోల్చి చూడండి. పన్నెండేళ్ళ వాడు, పదిహేనేళ్ళ వాడు రాయల్ టీనేజి విభాగంలోకి ఇద్దరూ వెళ్ళొచ్చు. కొన్ని కార్యక్రమాలు 12-14, 15-17 అని విడదీస్తారు గానీ కలిసి తిరగడానికి అడ్డేమీ లేదు. అదే జంట డిస్నీలో చెరో క్లబ్బుకూ పోవాలి. పదేళ్ళ చెల్లెలు, పన్నెండేళ్ళ అన్న ఈ రెండు కంపెనీల్లో ఏ ఓడలోనైనా విడిపోతారు. ఆ సంగతి ఇంటి దగ్గరే చెప్పండి, ఎక్కాక తెలిస్తే చిన్నది ఏడుస్తుంది, పెద్దవాడికి పాపమనిపించి వాడూ వెళ్ళడు.

చిన్నవాళ్ళ క్లబ్బులో పెద్దవాళ్ళు వచ్చి అప్పగించాలి, వచ్చి తీసుకెళ్ళాలి. ఎనిమిదో తొమ్మిదో దాటిన పిల్లలు తమంతట తాము బయటికి రావడానికి తల్లిదండ్రులు అనుమతి రాసివ్వొచ్చు. ఇవ్వండి. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి అది పెద్ద గౌరవం. టీనేజి క్లబ్బుల్లో ఈ అప్పగింతలుండవు, ఎప్పుడైనా వచ్చిపోవచ్చు. తల్లిదండ్రులు లోపలికి వెళ్ళకూడదు. ఎక్కిన మొదటి రోజు మాత్రం అందరూ చూసేందుకు కాసేపు తెరిచి ఉంచుతారు, ఆ వేళ చూసుకుని అడగాల్సినవన్నీ అప్పుడే అడిగెయ్యండి.

ఏ ఓడ

మన దగ్గర్నుంచి తేలిగ్గా అందేవి రెండు దారులు. ఒకటి సింగపూర్, రెండోది మన తీరం నుంచే నడిచే కార్డీలియా ఓడ.

డిస్నీ అడ్వెంచర్ సింగపూర్ మరీనా బే నుంచి మూడు, నాలుగు రాత్రుల ట్రిప్పులకు పెట్టిన ఓడ. తొలి ప్రయాణం 2025 డిసెంబరుకు అనుకుని 2026 మార్చికి వాయిదా వేశారు. రెండు లక్షల టన్నులు దాటిన భారీ ఓడ, జర్మనీలో వేరే కంపెనీ కోసం సగం కట్టి ఆగిపోతే 2022లో డిస్నీ కొనుక్కుంది. పెద్ద పిల్లలకు పనికొచ్చేవి ఇందులో రెండు భాగాలు: రోలర్ కోస్టర్ ఉన్న మార్వెల్ ల్యాండింగ్, వీడియో గేములూ సినిమాలూ ఉండే శాన్ ఫ్రాన్సోక్యో వీధి. మిగతాది ఎక్కువగా చిన్నవాళ్ళ కోసమే. గుర్తుంచుకోవాల్సింది ఇంకోటుంది. ఈ ఓడ మధ్యలో ఏ ఊళ్ళోనూ ఆగదు, సముద్రంలో తిరిగి మళ్ళీ సింగపూర్‌కే వస్తుంది. "కొత్త దేశం చూద్దాం" అనుకునే పిల్లలకు అది లోటు. చిన్నా పెద్దా కలిసున్న ఇంటికి మూడు రాత్రులు సరిగ్గా సరిపోతాయి, ఇంట్లో అందరూ టీనేజివాళ్ళే అయితే నాలుగో రాత్రికి పెట్టే డబ్బు సింగపూర్‌లో ఒక రోజుకు పెట్టడం మేలు.

రాయల్ కరీబియన్ ఓడలు కూడా సింగపూర్ నుంచి నడుస్తాయి. ఏది ఎప్పుడుంటుందో ఏడాదికేడాది మారుతుంది కాబట్టి ఓడ పేరు అడగండి. క్వాంటమ్ తరగతి ఓడలైతే (క్వాంటమ్, యాంథెమ్, ఓవేషన్, స్పెక్ట్రమ్ లాంటివి) పద్నాలుగు దాటిన పిల్లలకు మా ఓటు వీటికే. అలల మీద నిలబడే ఫ్లోరైడర్, గాలి గొట్టంలో తేలే ఐఫ్లై, గోడ ఎక్కడం, బంపర్ కార్లు, బాస్కెట్‌బాల్ అన్నీ ఒకే ఓడలో ఉంటాయి. పెనాంగ్, ఫుకెట్ లాంటి చోట్ల ఆగే ట్రిప్పులూ దొరుకుతాయి. ఫ్లోరైడర్ మీద పడుకుని జారడానికి 132 సెంటీమీటర్ల ఎత్తు కావాలి, నిలబడి చెయ్యడానికి 147. గుమ్మం దగ్గర గోడకు నిలబెట్టి ఇంట్లోనే కొలవండి, అక్కడ బూట్లు విప్పించి కొలుస్తారు. ఇలాంటి ఆటలకు పద్దెనిమిది నిండనివాళ్ళ తరఫున తల్లో తండ్రో సంతకం చెయ్యాలి. నాన్న భోజనం చేసి పడుకున్నాక పిల్లాడు గంట వరసలో నిలబడి సంతకం లేక వెనక్కి రావడం సర్వసాధారణం. మొదటి రోజే అన్నింటికీ సంతకాలు పెట్టేసి రండి. ఐఫ్లైకి లేసుల బూట్లూ సాక్సులూ అడుగుతారు, చెప్పులేసుకుని వెళ్తే పంపించరు.

కార్డీలియా ఎంప్రెస్ 1990లో కట్టిన ఓడ, ఒకప్పుడు రాయల్ కరీబియన్‌దే. ముంబై, గోవా, లక్షద్వీప్ వైపు నడుస్తుంది, నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి చెన్నై వైపు వస్తుంది. చెన్నై, విశాఖపట్నం, పుదుచ్చేరి కలిపి కూడా తిప్పింది. విశాఖలో 2023 నుంచి క్రూయిజ్ టెర్మినల్ కూడా ఉంది. పాస్‌పోర్టు లేనివాళ్ళకు, అసలు ఓడ పడుతుందో లేదో తెలియనివాళ్ళకు రెండు రాత్రుల కార్డీలియా మంచి మొదలు. పెద్ద పిల్లల కోణంలో చెప్పాలంటే ఓడ చిన్నది, ఆటలు తక్కువ, రాత్రి హడావిడంతా పెద్దవాళ్ళ పాటలు, కాసినో చుట్టూనే. పదిహేనేళ్ళ పిల్లవాణ్ణి ఒక్కణ్ణే తీసుకెళ్తే రెండో మధ్యాహ్నానికి గదిలో పడుకుంటాడు. ఇద్దరు ముగ్గురు కజిన్సు కలిస్తే ఇదే ఓడ బ్రహ్మాండంగా ఉంటుంది.

ఓడ ఏదైనా సరే, అడ్వాన్సు కట్టకముందు ఒక పని చెయ్యండి. ఓడ డెక్ ప్లానూ రెండు మూడు వీడియోలూ పిల్లలకిచ్చి, "నువ్వు చేసేవి మూడు రాసివ్వు" అనండి. స్విమ్మింగ్ పూల్, భోజనం లెక్కలోకి రావు. మూడు రాయగలిగితే ఆ ఓడ వాళ్ళకు సరిపోతుంది. ఒకటే రాస్తే ఓడను మార్చండి, లేదా రాత్రులు తగ్గించండి. ఏమీ రాయకుండా "మీ ఇష్టం" అంటే, తోడుగా బాబాయి కొడుకునో మేనత్త కూతుర్నో తీసుకెళ్తామని చెప్పి చూడండి. చాలాసార్లు అక్కడే వ్యవహారం తేలిపోతుంది.

ఎప్పుడు వెళ్ళాలి

విజయవాడ, గుంటూరు పిల్లల క్యాలెండరు ఓడ కంపెనీల క్యాలెండరుతో కలవదు. పదో తరగతి పరీక్షలు అయ్యాక, ఇంటర్ కాలేజీ పిలిచేలోపు ఉన్న రోజులే పెద్ద పిల్లలతో వెళ్ళడానికి అన్నిటికన్నా మంచి సమయం. ఆ తర్వాత రెండేళ్ళూ జేఈఈ, నీట్, ఈఏపీసెట్ గొడవలో పిల్లవాడు ఓడ మీదున్నా మనసు మెటీరియల్ మీదే ఉంటుంది, తండ్రి మనసు ఇంకా ఎక్కువ ఉంటుంది. జూనియర్ కాలేజీలో చేర్చేటప్పుడు బ్రిడ్జి కోర్సు ఏ తేదీన మొదలవుతుందో ముందే అడిగి, దాన్ని బట్టి టిక్కెట్లు చేసుకోండి.

దసరా సెలవుల్లో వెళ్ళేవాళ్ళు బంగాళాఖాతం వైపు ఓడలను అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జాగ్రత్తగా చూసుకోవాలి, తుఫాను వస్తే దారి మారుస్తారు, ఆగాల్సిన ఊరు ఎగిరిపోతుంది. మలక్కా జలసంధి వైపు నీళ్ళు ఏడాదంతా చాలావరకు నెమ్మదిగానే ఉంటాయి. ఇంకో మాట: మన వేసవి సెలవుల్లో వెళ్తే ఓడ నిండా మన దేశపు పిల్లలే కనబడతారు. ఇంగ్లీషులో గడగడా మాట్లాడలేనని బెరుకున్న పిల్లలకు ఇది కలిసొస్తుంది.

చేరుకోవడం, కాగితాలు

గన్నవరం నుంచి సింగపూర్‌కు ఇండిగో 2025 నవంబరులో నేరుగా విమానం మొదలుపెట్టింది. వారంలో కొన్ని రోజులే కాబట్టి ఓడ బయల్దేరే రోజుకు అది కుదరకపోవచ్చు. 2018లోనూ ఇలాంటి సర్వీసే మొదలై కొన్నాళ్ళకే ఆగిపోయింది, అందుకని బుక్ చేసే రోజు షెడ్యూలు చూసుకోండి. కుదరకపోతే హైదరాబాదో చెన్నయో. ఏ దారైనా ఓడ ఎక్కాల్సిన రోజుకు ముందురోజే సింగపూర్‌లో ఉండాలి. విమానం నాలుగు గంటలు ఆలస్యమైతే ఓడ ఆగదు, డబ్బు తిరిగి రాదు. చెన్నైలో ఎక్కేవాళ్ళకు విజయవాడ నుంచి వందేభారత్ రాత్రికి చేరుస్తుంది, గుంటూరువాళ్ళు తెనాలిలో ఎక్కొచ్చు. పొద్దున పినాకినిలో వెళ్ళి అదే రోజు ఓడెక్కుతాం అనుకోవద్దు.

పాస్‌పోర్టు విషయంలో పెద్ద పిల్లలతోనే ఎక్కువ దెబ్బతినేది. పిల్లల పాస్‌పోర్టు పదేళ్ళకు కాదు, ఐదేళ్ళకో పద్దెనిమిది నిండేదాకానో, ఏది ముందైతే అంతవరకే. తొమ్మిదేళ్ళప్పుడు తీసుకున్నది పద్నాలుగుకు అయిపోతుంది. అమ్మానాన్నలది ఇంకా ఉందిగదా అన్న ధీమాలో ఎవరూ తెరిచి చూడరు. ప్రయాణం నాటికి ఆరు నెలలకు మించి గడువుండాలి. కొత్తదానికి దరఖాస్తు చేసేటప్పుడు తల్లీతండ్రీ ఇద్దరూ సంతకం చేసిన అనెక్సర్ డి అనే అంగీకార పత్రం కావాలి. పదిహేను దాటినవాళ్ళకు పదేళ్ళ పాస్‌పోర్టు కూడా అడగొచ్చు, అదే తీసుకోండి.

ఇక ఇంటిపేరు. ఆధార్‌లో "వై. సాయి చరణ్" అని ఉంటుంది, పాస్‌పోర్టులో పొడి అక్షరాలు ఒప్పుకోరు కాబట్టి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఏజెంటుకు వాట్సాప్‌లో ఆధార్ ఫొటో పంపితే ఓడ టిక్కెట్టు ఆ పొడి అక్షరంతో వస్తుంది, విమానం టిక్కెట్టు ఇంకోలా వస్తుంది. విదేశీ ప్రయాణానికి పాస్‌పోర్టు మొదటి పేజీ తప్ప ఏదీ పంపకండి. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు రెండో గడిలోనే ఉంటుంది. అలాంటివాళ్ళ పేరు ఎలా నింపాలో కంపెనీని రాతపూర్వకంగా అడిగి, విమానానికీ ఓడకూ వీసాకూ ఒకేలా వేయించండి.

సింగపూర్ వీసాకు ప్రయాణానికి ముప్పై రోజుల లోపే దరఖాస్తు చెయ్యాలి. ఫొటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, మెరుపు లేని కాగితం, మూడు నెలల్లోపు తీసింది. మీసాలు వస్తున్న వయసు కదా, ఏడాది కిందటి ఫొటో పనికిరాదు. ఓడ వేరే దేశంలో ఆగి తిరిగొస్తే సింగపూర్‌లోకి మళ్ళీ ప్రవేశించినట్టే, అందుకని ఒకసారికే పనికొచ్చే వీసా చాలదు, మల్టిపుల్ ఎంట్రీ వచ్చిందో లేదో చదివి చూసుకోండి. దిగడానికి మూడు రోజుల్లోపు ఎస్‌జీ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో ఉచితంగా నింపాలి, డబ్బులడిగే వెబ్‌సైట్లు అసలువి కావు. చూయింగ్ గమ్ బ్యాగులో పెట్టుకోవద్దు. వేప్ (ఈ-సిగరెట్) సంగతి మీ పిల్లవాడికి సంబంధం లేదని మీకనిపించినా ఒకసారి చెప్పి ఉంచండి, అక్కడ అది నేరం.

అన్నదమ్ముల పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళే పెదనాన్న, బాబాయిలకు: కన్నవాళ్ళు వెంట లేని మైనర్లకు కంపెనీ ఇచ్చే అనుమతి పత్రం నింపి, వాళ్ళ తల్లిదండ్రుల చేత సంతకం చేయించాలి. దాన్ని నోటరీ చేయించి, కన్నవాళ్ళ పాస్‌పోర్టు కాపీలతో కలిపి చేతి సంచిలో పెట్టుకోండి. "మా తమ్ముడి కొడుకే" అన్నమాట టెర్మినల్ దగ్గర చెల్లదు.

గది, ఖర్చు

నలుగురికి ఒకే గది తీసుకుంటే మూడో, నాలుగో మనిషికి ధర తగ్గుతుంది. దానికి బదులు ఐదడుగుల ఎనిమిదంగుళాల పిల్లాడు పై బెర్తులో పడుకోవాలి, నలుగురికీ ఒకటే బాత్‌రూం. మూడు రాత్రులైతే సర్దుకోవచ్చు. అంతకు మించితే, ముఖ్యంగా ఎదిగిన అమ్మాయి ఉంటే, మధ్యలో తలుపున్న రెండు లోపలి గదులు తీసుకోండి. కిటికీ ఉన్న ఒక గది ధరకు కిటికీ లేని రెండు గదులు దగ్గరగానే వస్తాయి, రెండు బాత్‌రూంలు వస్తాయి. టీనేజి పిల్లలు కిటికీలోంచి సముద్రం చూసేది మొదటి పావుగంటే. బుకింగులో గదికొక పెద్ద మనిషి పేరు ఉండాలన్న నియమం ఉంటుంది కాబట్టి కాగితం మీద అమ్మ ఒక గదిలో, నాన్న ఒక గదిలో పడతారు.

టిప్పులు తలకింతని రోజూ పడతాయి, పిల్లలకు మినహాయింపు లేదు. డిస్నీ మామూలు గదికి 2025లో పెట్టిన రేటు రోజుకు 16 డాలర్లు, రాయల్‌ది 18.50. నలుగురు, నాలుగు రాత్రులు, 16 చొప్పున 256 డాలర్లు. ఇది చాలా కొటేషన్లలో కనబడదు, అడిగి రాయించుకోండి. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. దాని రేటు బడ్జెట్లలో మారుతూ వస్తోంది, కానీ అది పోయే డబ్బు కాదు, ఎవరి పాన్ ఇస్తే వాళ్ళ ఆదాయపు పన్ను లెక్కలో పడుతుంది, రిటర్నులో సర్దుకుంటారు. కాబట్టి రిటర్ను వేసేవాళ్ళ పాన్‌తోనే కట్టండి.

ఓడలో ప్రతి మనిషికీ ఇచ్చే కార్డే తాళంచెవి, అదే పర్సు. పిల్లల కార్డు మీద కొనుగోళ్ళు ఆపమనో, ఇంతకు మించకూడదనో గెస్ట్ సర్వీసెస్ దగ్గర చెప్పొచ్చు. పూర్తిగా ఆపేస్తే మొహం చిన్నబుచ్చుకుంటారు, ట్రిప్పు మొత్తానికి ఓ ముప్పై నలభై డాలర్లు వదిలెయ్యండి. వీడియో గేముల గదే డబ్బు తినేది.

మొదటి సాయంత్రం

పెద్ద పిల్లలకు ట్రిప్పు బాగుంటుందా లేదా అన్నది మొదటి రాత్రే సగం తేలిపోతుంది. టీనేజి క్లబ్బులో ఆ రాత్రి పరిచయాల ఆటలు పెడతారు, అప్పుడు కలిసినవాళ్ళే గుంపులు కడతారు. "రేపు వెళ్తాలే" అన్న పిల్లవాడు మర్నాడు వెళ్ళేసరికి గుంపులు కుదిరిపోయి ఉంటాయి, తలుపు దగ్గర్నుంచే వెనక్కొస్తాడు. మీరు చెయ్యాల్సిందల్లా ఆ రాత్రి భోజనానికి పెందలాడే ఉన్న సిట్టింగు తీసుకోవడం, క్లబ్బు మొదలయ్యే వేళకు వాణ్ణి ఖాళీగా ఉంచడం. "ఇరవై నిమిషాలుండు, నచ్చకపోతే వచ్చెయ్" అనండి, తోసి పంపకండి. క్లబ్బు తలుపు దాకా వెంటపడి వెళ్ళి "బాబూ, మావాడు కొంచెం మొహమాటస్తుడు" అని సిబ్బందికి చెప్పొద్దు. అది చాలు వాడు మళ్ళీ అటు వెళ్ళకపోవడానికి.

అంతకుముందే, ఓడ కదలకముందు, మస్టర్ డ్రిల్లు ఉంటుంది. అపాయం వస్తే ఎక్కడ చేరాలో చెప్పే ఆ తతంగం చట్టప్రకారం తప్పనిసరి. క్లబ్బులో ఉన్న పిల్లలను ఆ సమయంలో ఎవరు చూసుకుంటారో, మీరు ఎక్కడ కలవాలో అడిగి తెలుసుకోండి.

తిరిగే స్వేచ్ఛకు నియమాలు తక్కువ పెట్టండి, కానీ గట్టిగా పెట్టండి. భోజనానికి అందరూ ఒకచోట ఉండాలి. రాత్రి ఇన్నింటికి గదికి చేరాలి. ఓడకు సొంత కర్ఫ్యూ కూడా ఉంటుంది, మీది దానికన్నా గంట ముందు పెట్టుకోండి. వేరేవాళ్ళ గదిలోకి వెళ్ళకూడదు, ఎవర్నీ మన గదికి తీసుకురాకూడదు. రెయిలింగు ఎక్కకూడదు. ఇవి నాలుగూ అన్నకూ చెల్లికీ ఒకటే కావాలి. అబ్బాయికి పన్నెండింటి దాకా, అమ్మాయికి తొమ్మిదింటి దాకా అంటే మిగతా మూడు రోజులూ ఆ పంచాయితీతోనే సరిపోతుంది.

ఫోన్ సంగతి గన్నవరంలోనే చూసుకోవాలి. ఓడ యాప్ దింపుకుని, లాగిన్ అయి ఉంచండి. ఓడెక్కగానే అందరి ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చెయ్యండి. అలా చెయ్యకపోతే సముద్రం మధ్య ఓడ టవరుకు ఫోన్ తగులుకుని రోమింగ్ బిల్లు వేలల్లో వస్తుంది. ఇంటర్నెట్ ప్యాక్ కొనకపోయినా యాప్‌లో ఒకరికొకరు మెసేజ్‌లు పెట్టుకోవచ్చో లేదో అడగండి. డిస్నీ యాప్‌లో ఆ వీలుంది. ఆన్‌లైన్ గేములకు ఓడ వైఫై పనికిరాదు. ప్యాక్ కొంటే ఒక ఫోనుకే కొని, రోజుకో అరగంట వంతులవారీగా ఇవ్వండి. అసలు కొనకపోతేనే క్లబ్బుకు వెళ్ళే అవకాశం ఎక్కువ.

బ్యాగులో ఏముండాలి

కాటన్ టీషర్టు, నిక్కరుతో పూల్‌లోకి దిగనివ్వరు. నైలాన్ లేదా లైక్రా ఈత బట్టలు కావాలి. పొట్టి బట్టలకు ఇబ్బంది పడే అమ్మాయిలకు పూర్తి చేతులు, పూర్తి కాళ్ళు ఉన్న లైక్రా సూట్లు దొరుకుతాయి, వాటితో దిగొచ్చు. స్పోర్ట్స్ షాపులో వేసి చూసి కొనండి, తడిస్తే వదులయ్యేది పనికిరాదు. ఈత రాని పిల్లలు ఎంత పెద్దవాళ్ళైనా లైఫ్ జాకెట్టు అడిగి తీసుకోవాలి. పద్నాలుగేళ్ళవాడు సిగ్గుపడి అడగడు, మీరే తెచ్చి పక్కన పెట్టండి.

ఎక్స్‌టెన్షన్ బాక్సు, కెటిల్, చిన్న రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె తీసుకెళ్తే స్కానింగులో తీసేసుకుంటారు. గదిలో ప్లగ్గులు తక్కువ కాబట్టి నాలుగు యూఎస్‌బీ రంధ్రాలున్న చార్జరు ఒకటి పెట్టుకోండి. ఇంట్లో పట్టిన ఆవకాయ, గోంగూర డబ్బాలు కూడా ఆపొచ్చు. కంపెనీ సీలున్న పచ్చడి ప్యాకెట్లు, పొడుల ప్యాకెట్లు తీసుకెళ్ళండి. అవి పిల్లల కోసం కాదనుకోండి, వాళ్ళు మూడు పూటలా పిజ్జా తింటారు. నానమ్మా తాతయ్యా వస్తుంటే బుక్ చేసేటప్పుడే భారతీయ శాకాహారం అని రాయించండి.

భవానీ ద్వీపానికి పడవలో వెళ్ళొచ్చాడు, ఏమీ కాలేదు అంటే సముద్రం పడుతుందని కాదు. బ్యారేజీ వెనక నిలిచిన నీళ్ళవి. శ్రీశైలం ఘాటు రోడ్డులో కారు వెనక సీట్లో కూర్చుని వాంతి చేసుకోని పిల్లవాడైతే ధైర్యంగా ఉండొచ్చు. చేసుకునే రకమైతే ఓడ మధ్యలో, కింది డెక్‌లో గది అడగండి, ముందు భాగంలోనూ పైనా ఊపు ఎక్కువ. అవోమిన్, స్టుజెరాన్ లాంటి మందుల మోతాదు పిల్లల డాక్టరును అడిగి రాయించుకోండి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్తే పెద్దగా పనిచెయ్యవు, ముందే వెయ్యాలి. మగత వస్తుంది కాబట్టి ఇంట్లో ఒక సెలవు రోజున వేసి చూడండి.

రెండో రోజు మధ్యాహ్నం పెద్ద పిల్లవాడు గదిలో పడుకుని ఉంటే కంగారు పడకండి. రాత్రి ఒంటిగంట దాకా తిరిగి పడుకున్నాడేమో చూడండి, అది విశ్రాంతి. మొదటి రాత్రి నుంచీ అలాగే ఉన్నాడంటే మాత్రం అతను రాసిచ్చిన మూడింటిలో ఒకదానికి మీరే వెంట వెళ్ళండి, ఒక్కరే, చిన్నవాళ్ళను ఇంకొకరికి అప్పగించి. ఆ గంటలో చదువు మాట ఎత్తొద్దు.

చివరి రాత్రి పెద్ద సూట్‌కేసులు గది బయట పెట్టమంటారు, పొద్దున టెర్మినల్‌లో దొరుకుతాయి. బయట పెట్టకముందు పొద్దున వేసుకునే బట్టలు, బూట్లు, పాస్‌పోర్టులు, మందులు, ఫోన్ చార్జరు తీసి చేతి సంచిలో సర్దుకోండి. టీనేజి పిల్లల సూట్‌కేసు వాళ్ళనే సర్దుకోనిచ్చినా, తాళం వేసే ముందు బూట్లు బయట ఉన్నాయో లేదో చూడండి. తెల్లారి పూల్ చెప్పులతో ఇమిగ్రేషన్ వరసలో నిలబడే వాళ్ళలో ఎక్కువమంది ఈ వయసువాళ్ళే.